నటుడూ జూదరీ: పాత్రపోషణ ఆటల్లో కర్తృత్వ విచారణ

ఆంధ్రమహాభారతం విరాటపర్వంలో కీచకుడు ద్రౌపదిని నిండుకొలువులో తన్నిన ఘట్టం తెలుగు పాఠకులకు కొత్తది కాదు. ఆ కొలువులో ఆమె భర్తలు ఇద్దరున్నారు. ఒకరు కంకుభట్టు వేషంలో, ఒకరు వలలుని వేషంలో. వలలుడు కోపం పట్టలేక దగ్గరున్న చెట్టువైపు చూస్తాడు. కంకుభట్టు అతనిని వారిస్తూ, వంటచెరకు కావాలంటే మరోచోట చూసుకొమ్మంటాడు. అది యజమాని కొలువులో వంటవాడితో అనదగిన మాట. అన్న తమ్ముడికి చేసిన హెచ్చరిక కూడా అదే. ఆపైన సైరంధ్రివైపు తిరిగి, నాట్యం చూపుతున్నదానిలా సభలో నిలవడం కులసతులకు తగదని మందలిస్తాడు. దానికి ద్రౌపది ఇచ్చిన జవాబును తిక్కన రెండు పదాలమీద నిలబెట్టాడు. తన భర్త నటుడే కాబట్టి తనకు నాట్యం అబ్బడంలో వింత లేదని, అతడు నటుడు మాత్రమే కాక జూదరి కూడానని ఆమె అంటుంది.

ఈ జవాబును సాధారణంగా ఎత్తిపొడుపుగా చదువుతాం. అది ఎత్తిపొడుపే. అయితే ఆ రెండు పదాలనూ పక్కపక్కన పెట్టడంలో ఒక తర్కం కూడా ఉంది. చేసిన పనికి బాధ్యత తప్పించుకోదలచిన మనిషికి దొరికే రెండు పెద్ద చాటులు అవి. ‘నేను కాదు, నా వేషం చేసింది’ అనేది నటుడి చాటు. ‘నేను కాదు, పాచిక అలా పడింది’ అనేది జూదరి చాటు. ధర్మరాజు హస్తినాపురంలో రెండోదాని వెనుక, విరాటనగరంలో మొదటిదాని వెనుక నిలిచాడు. ద్రౌపది రెండింటినీ ఒకే వాక్యంలో తొలగించింది.

ఈ రెండు చాటులనూ ఒకే మనిషికి ఒకేసారి సమకూర్చే ఆట ఒకటి 1974లో అమెరికాలో పుట్టింది. దాని పేరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. ఆ ఆటను, దాని నియమాల ఆధారంగా తయారైన కంప్యూటర్ ఆటలను ముందుంచుకొని, ఆటలో చేసిన అధర్మానికి కర్త ఎవరు అనే ప్రశ్నను ఈ వ్యాసంలో పరిశీలిస్తాను. ఈ ప్రశ్న నాకు గ్రంథాలయంలో ఎదురుకాలేదు. గిద్దలూరులో ఒక మిద్దెమీద, సంక్రాంతి సెలవుల్లో, ఒక తమ్ముడివరస విద్యార్థి నోట ఎదురైంది.

ఆట స్వరూపం

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ఈ ఆటను మూడు చిన్న పుస్తకాలుగా ప్రకటించారు. దాని మూలాలు యుద్ధక్రీడల్లో ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దంలో ప్రష్యా సైన్యాధికారులు పటాలమీద దండులను కదుపుతూ, పాచికలు వేస్తూ యుద్ధాన్ని అభ్యసించేవారు. ఆ పద్ధతి క్రమంగా వినోదంగా మారి, సీసపు బొమ్మల సైన్యాలతో ఆడుకునే సంఘాలకు చేరింది. గైగాక్స్, ఆర్నెసన్ చేసిన మార్పు చెప్పుకోవడానికి చిన్నదే: దండు స్థానంలో ఒక్క మనిషిని పెట్టారు. ఆటగాళ్ళలో ఒకరు కథ నడుపుతారు. మిగిలినవారు తలా ఒక పాత్రను ధరిస్తారు. పాత్రకు బలం, చురుకుదనం, దేహదారుఢ్యం, తెలివి, వివేకం, ఆకర్షణ అనే ఆరు గుణాలకు అంకెలుంటాయి. ‘ముందు చీకటి గది, లోపల ఎవరో మూలుగుతున్నారు, ఏం చేస్తావు?’ అని కథకుడు అడుగుతాడు. ఆటగాడు చెప్తాడు. ఫలితం సందిగ్ధమైనచోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు.

ఆ చిన్న మార్పు భాషలో పెద్ద మార్పును తెచ్చింది. యుద్ధక్రీడలో ఆటగాడు ‘దండు కదిలింది’ అంటాడు. ఇక్కడ ‘తలుపు తోశాను’ అంటాడు. తెలుగులో క్రియ చివరనే కర్త అంటుకొని ఉంటాడు కాబట్టి ఈ తేడా మనకు మరింత స్పష్టంగా వినిపిస్తుంది. ‘నేను’ అనే మాట వాక్యంలో లేకపోయినా, ‘తోశాను’లోని చివరి అక్షరం దాన్ని మోస్తూనే ఉంటుంది. ఆట సాగినంతసేపూ అందరూ ఉత్తమపురుషలోనే మాట్లాడతారు. నింద వచ్చినప్పుడు మాత్రం చటుక్కున ప్రథమపురుషలోకి జారుకుంటారు: ‘నేనేం చేయను, నా పాత్ర స్వభావం అది.’ ఈ జాతి ఆటలాడేవారి నడుమ ఇంత తరచుగా వినిపించే సాకు మరొకటి ఉండదు. పురుష మారిన ఆ క్షణమే ఈ వ్యాసానికి విషయం.

మేడపి నుంచి గురజాలకు

మేము నలుగురం. అందరం తెలుగు చదువుకున్నవాళ్ళమే. ఆంగ్ల పుస్తకాల్లోని మరుగుజ్జులు, డ్రాగన్లు మాకు నోటికి రాలేదు. ‘ఏయ్ మరుగుజ్జూ’ అని పిలుచుకోవడానికే మొదటి సాయంత్రమంతా నవ్వుతో గడిచిపోయింది. రెండోనాడు ఆ లోకాన్ని పక్కనపెట్టి పల్నాటి కథను తీసుకున్నాం. అది మా ప్రాంతానికి పరాయి కథ కాదు. కోడిపందెంలో ఓడిపోయి ఏడేళ్ళు రాజ్యం విడిచిన మాచర్లవారు తలదాచుకున్న మేడపి, త్రిపురాంతకం దగ్గరి ఊరే. అక్కడినుంచే అలరాచమల్లు రాయబారిగా తన మామ నలగాముని కొలువుకు బయలుదేరాడు. చర్లగుడిపాడులో విషప్రయోగానికి బలయ్యాడు. కారెంపూడిలో ఏటా కార్తిక అమావాస్యతో మొదలయ్యే వీరుల ఉత్సవాల్లో రాయబారం, కోడిపోరు అనేవి రెండు రోజుల పేర్లు. ఒక ఆట, ఒక పాత్ర, వాటి వెనుక నెత్తురు: మేము వెతుకుతున్నదంతా అందులో ఉంది.

మార్కాపురం పలకమీద బలపంతో మేడపినుంచి గురజాలదాకా దారి గీశాం. ఇరవై ముఖాల పాచిక ఆ చుట్టుపక్కల దొరికే వస్తువు కాదు. ఒకటినుంచి ఇరవైదాకా చీటీలు రాసి స్టీలు చెంబులో వేశాం. గ్రంథంలో జరిగినట్లే మా ఆటలోనూ జరగాలన్న నియమం పెట్టుకోలేదు. రాయబారం ఫలించవచ్చు. యుద్ధమే రాకపోవచ్చు. అలరాజు పాత్రను మాలో అందరికంటే చిన్నవాడు, నన్ను ‘అన్నా’ అని పిలిచే విద్యార్థి తీసుకున్నాడు. నాది మేము కల్పించుకున్న పాత్ర: చర్లగుడిపాడు విడిదిలో అతిథులను చూసుకొనే అధికారి, లోపల నాయకురాలు నాగమ్మ మనిషి.

మూడు రాత్రులు ఆడాం. చిన్నవాడు అలరాజును ఎంతో శ్రద్ధగా నడిపాడు. దారిలో ప్రతి ఊళ్ళోనూ జాగ్రత్తపడ్డాడు. గుర్రానికి నీళ్ళు పెట్టించే ముందు కూడా ఎవరు తెచ్చారని అడిగాడు. మూడో రాత్రి విడిదికి చేరాడు. కథ నడుపుతున్న మిత్రుడు నావైపు చూశాడు. నేను విస్తరి వేసి, స్వరం తగ్గించి, ‘తిను తమ్ముడూ, పొద్దుటినుంచి ఏమీ తినలేదు’ అన్నాను. అతడు ఒక్క క్షణం ఆగి, ‘తింటున్నాను’ అన్నాడు. చీటీ తీశాను. పదిహేడు. విషం పసిగట్టబడలేదు.

మిగిలిన ఇద్దరూ చప్పట్లు కొట్టారు. చిన్నవాడు కొంతసేపు పలకనే చూస్తూ కూర్చొని, ‘విషం పెట్టింది నువ్వా అన్నా, నీ పాత్రా?’ అని అడిగాడు. నేను వెంటనే, ‘నా పాత్ర స్వభావమే అదిరా’ అన్నాను. ‘మరి తమ్ముడూ అని పిలిచింది ఎవరు?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. విడిది అధికారికి అలరాజు తమ్ముడు కాడు, ప్రభువు అల్లుడు. ఆ రోజు పొద్దుటినుంచి ఏమీ తిననిది అలరాజు కాదు, కడుపు బాగోలేదని మధ్యాహ్నం భోజనం మానేసిన ఆ కుర్రవాడు. ఆ సంగతి నా పాత్రకు తెలియదు. నాకు తెలుసు.

నటుడి వాదం

నటుడికి పాత్ర చేసిన పాపం అంటదని మన అలంకారశాస్త్రం ఏనాడో తేల్చింది. శంకుకుడు చెప్పిన చిత్రతురగ న్యాయం ప్రకారం, గోడమీది గుర్రాన్ని చూసి ‘ఇది గుర్రం’ అనుకోవడం నిజమైన జ్ఞానమూ కాదు, భ్రమా కాదు, సందేహమూ కాదు. నటుణ్ణి చూసి ‘ఇతడు రాముడు’ అనుకోవడమూ అటువంటిదే. భట్టనాయకుని సాధారణీకరణం దీన్ని మరింత ముందుకు తీసుకువెళ్ళింది. రంగస్థలంమీది దుఃఖం నాదీ కాదు, పరాయివాడిదీ కాదు. దేశకాలవ్యక్తి సంబంధాలు వదిలిన తరువాతే అది ఆస్వాద్యమవుతుంది. సుఖదుఃఖాలను తనవిగానో పరునివిగానో పట్టుకొని ఉండడాన్ని అభినవగుప్తుడు రసానికి విఘ్నంగా లెక్కించాడు.

పాత్రపోషణ ఆటకు ఈ రక్షణ వర్తించదని నా అభిప్రాయం. నాటకంలో కవి వేరు, నటుడు వేరు, సామాజికుడు వేరు. దుశ్శాసనుడు చీర పట్టుకోవాలని నిర్ణయించింది నటుడు కాదు. ఈ ఆటలో నిర్ణయించేవాడు, పలికేవాడు, చూసి ఆనందించేవాడు ఒక్కడే. అన్నిటికీ మించి, ఎదుటివాడు ప్రేక్షకుడు కాడు. తన ‘నేను’ను విడిచిపెట్టకుండా, దాన్నే పందెంగా పెట్టి కూర్చున్నవాడు. అతడు ‘తింటున్నాను’ అన్నప్పుడు ఏ సాధారణీకరణమూ జరగలేదు.

దీనికి దగ్గరగా వచ్చే ఉదాహరణ మన రంగస్థలంలోనే ఉంది. కాళ్ళకూరి నారాయణరావు ‘చింతామణి’ నాటకంలోని సుబ్బిశెట్టి పాత్ర దశాబ్దాల ప్రదర్శనల్లో కవి రాసిన హద్దు దాటి, నటుల అప్పటికప్పటి కల్పనలతో పెరిగిపోయింది. ఆ పాత్ర తమను కించపరుస్తున్నదని ఆర్యవైశ్యులు అభ్యంతరం తెలిపారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. నిషేధం తగునా తగదా అన్నది వేరే చర్చ. నాకైతే అది తగిన మార్గంగా తోచలేదు. ఇక్కడ గమనించవలసింది మరొకటి. కవి రాసిన మాటకు ‘అది పాత్ర మాట’ అని చెప్పుకొనే హక్కు నటుడికి ఉంటుంది. తాను అప్పటికప్పుడు అల్లిన మాటకు ఆ హక్కు తగ్గిపోతుంది. ఆ మాట ఎదురుగా కూర్చున్న మనిషికి తగులుతుందని తెలిసి అల్లినప్పుడు దాదాపు మిగలదు. పాత్రపోషణ ఆట అడుగడుగునా అప్పటికప్పటి అల్లికే.

చిన్ననాడు మా ఊళ్ళో పద్యనాటకం ఆడే రాత్రుల్లో ఒక విషయం చూశాను. దుశ్శాసనుడి వేషం కట్టే పెద్దాయన, ముఖానికి రంగు పూసుకోకముందే ద్రౌపది వేషధారి దగ్గరికి వెళ్ళి నమస్కరించేవాడు. ఇద్దరూ మగవాళ్ళు, పైగా వరసకు బావాబావమరుదులు. పగలంతా ఒకరినొకరు ఆటపట్టించుకొనేవారు. ఆ ఒక్క క్షణంలో మాత్రం హాస్యం ఉండేది కాదు. వేషం వేసుకున్నాక పెట్టవలసిన దండమైతే అది దుశ్శాసనుడు పెట్టినట్లవుతుంది. వేషానికి ముందు పెట్టాడు కాబట్టి అది ఆయన పెట్టింది. శాస్త్రం నటుడికి మినహాయింపు ఇచ్చినా, ఆయన దాన్ని పూర్తిగా వాడుకోలేదు.

జూదరి వాదం

ఆటలమీద మన సమాజంలో సాగిన నైతిక చర్చ చాలావరకు డబ్బు పందెం దగ్గరే ఆగింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించిన కేసులో 1968లో సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంమీద ఆధారపడిన ఆట అని చెప్పింది. ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటిమీదా చట్టం తెచ్చింది. ఈ చట్టాలన్నీ అదృష్టమా, నైపుణ్యమా, సొమ్ము పోయిందా అని అడుగుతాయి. సొమ్ము కాక మరేదైనా ఒడ్డితే ఏమిటన్న ప్రశ్న వాటి పరిధిలోకి రాదు. ద్రౌపది గుర్తుండవలసిన చోటు అదే. హస్తినలో చివరకు ఒడ్డింది సొమ్ము కాదు.

మన దర్శనాలు కర్మఫల సంబంధాన్ని చర్చించేటప్పుడు రెండు దోషాలు రాకూడదని చెప్తాయి. చేసిన కర్మకు ఫలం లేకుండా పోవడం కృతప్రణాశం. చేయని కర్మకు ఫలం వచ్చిపడడం అకృతాభ్యాగమం. పాచిక ఉన్న ప్రతి ఆటా రెండో దోషాన్ని నియమంగా చేసుకున్నదే. మన వైకుంఠపాళిని చూడండి. నిచ్చెనలకు సుగుణాల పేర్లు, పాములకు దుర్గుణాల, రాక్షసుల పేర్లు. పరమపదానికి అడుగు దూరంలో అరుకాషుని నోట పడిన ఆటగాడు ఏ పాపం చేశాడు? గవ్వలు అలా పడ్డాయి, అంతే. భక్తి అనే నిచ్చెన ఎక్కినవాడూ ఏ భక్తీ చేయలేదు. ధర్మాన్ని బోధించడానికి గీసిన పటంలో కర్తే లేడు. (పులిజూదంలో దీనికి సరిగ్గా వ్యతిరేకం: పేరులో జూదం ఉంది కానీ పాచిక లేదు, మేక చచ్చిందంటే అది పూర్తిగా ఆడినవాడి తెలివితక్కువ.)

పాత్రపోషణ ఆట ఈ రెండింటికీ నడుమ నిలుస్తుంది. పాచిక ఉంది, ఎంపిక కూడా ఉంది. అందుకే జూదరి చాటు ఇక్కడ ఎక్కడిదాకా పనికివస్తుందో కొలవవచ్చు. నేను తీసిన పదిహేడు చీటీ విషం బయటపడుతుందా లేదా అన్నదాన్ని మాత్రమే తేల్చింది. విషం పెట్టాలని చెంబులోని ఏ చీటీమీదా రాసి లేదు. పాచిక ఫలాన్ని నిర్ణయిస్తుంది, సంకల్పాన్ని ముట్టుకోదు. ధర్మరాజు విషయంలోనూ శకుని పాచికలు గెలుపోటములను నిర్ణయించాయి కానీ, ద్రౌపదిని ఒడ్డుతున్నానని పలికింది ధర్మరాజు నోరే. మూడు వచ్చి ఉంటే నా విషం పట్టుబడేది, అలరాజు బతికేవాడు. చిన్నవాడి ప్రశ్న మాత్రం అలాగే ఉండేది.

చెరిగిపోయే కర్మ

కంప్యూటర్ ఆటలకు వచ్చేసరికి పరిస్థితి తలకిందులవుతుంది. అక్కడ రాజ్యమేలేది మొదటి దోషం. ఎప్పుడైనా ఆటను భద్రపరచుకోవచ్చు, తప్పు చేశాక ఆ చోటికి తిరిగి వెళ్ళి చేయనట్లే ముందుకు సాగవచ్చు. పలక తుడిచినట్లు కర్మ తుడిచిపెట్టుకుపోతుంది. కృతప్రణాశాన్ని ఇంత స్పష్టంగా, ఒక మీటగా చేసి చేతికిచ్చిన యంత్రం గతంలో లేదు.

ఆ ఆటల రూపకర్తలకు ఈ లోటు తెలుసు. దాన్ని పూడ్చడానికి వారు చేసిన ప్రయత్నాలే ఆ ఆటల్లో ఆసక్తికరమైన భాగం. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ మొదట్లో పాత్రలను నియతి, తటస్థత, అరాచకం అనే మూడు పక్షాలుగా విభజించింది. 1970ల చివరికి మంచిచెడులు కూడా చేరి అవి తొమ్మిదయ్యాయి. ఆ నియమాలతో 1998లో వచ్చిన ‘బాల్డర్స్ గేట్’ ఆటగాడి కీర్తిని ఒక అంకెగా లెక్కగట్టింది. అమాయకుణ్ణి చంపితే అంకె తగ్గుతుంది. గుడికి చాలినంత డబ్బు సమర్పిస్తే మళ్ళీ పెరుగుతుంది. ఈ ఏర్పాటును చూసి తెలుగువాడు ఆశ్చర్యపోనక్కరలేదు. మన హుండీలు దీనికంటే పాతవి. బల్లమీది ఆటకు నేరుగా సంబంధం లేకపోయినా ఆ కుటుంబానికే చెందిన ‘అల్టిమా 4’ మరింత గడుసైనది. రిచర్డ్ గారియట్ 1985లో చేసిన ఈ ఆట ‘అవతార్’ అనే మన మాటనే పేరులో పెట్టుకుంది. అందులో గుడ్డి వ్యాపారి దగ్గర మూలికలు కొని, ఇవ్వవలసినదానికంటే తక్కువ పైకం చేతిలో పెట్టవచ్చు. ఆమె గుర్తించదు. ఆట కూడా అప్పటికి ఏమీ అనదు. లోపల లెక్క రాసుకుంటుంది.

వీటన్నిటిలోకీ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 1999 నాటి ‘ప్లేన్‌స్కేప్: టార్మెంట్’. దాని నాయకుడికి పేరు లేదు, చావు లేదు. చచ్చిన ప్రతిసారీ జ్ఞాపకం మాత్రం పోతుంది. వెనుకటి బతుకుల్లో తాను ఎవరిని మోసగించాడో, ఎవరి ప్రేమను పావుగా వాడుకున్నాడో ఇతరులు చెప్తే తెలుసుకోవలసినవాడు. ప్రారబ్ధాన్ని ఆటగా మలిస్తే ఇలాగే ఉంటుంది. మామూలు కంప్యూటర్ ఆటలో లోకం మరిచిపోతుంది, ఆడినవాడికి గుర్తుంటుంది. ఇక్కడ నాయకుడు మరిచిపోయాడు, లోకానికి గుర్తుంది.

2023లో లేరియన్ సంస్థ విడుదల చేసిన ‘బాల్డర్స్ గేట్ 3’ను హాస్టల్ గదిలో అరువు లాప్‌టాప్‌మీద ఆడాను. అందులో ఒక వనంలో తలదాచుకున్న శరణార్థులను కాపాడవచ్చు, లేదా దండెత్తినవారితో చేతులు కలిపి వారిని ఊచకోత కోయవచ్చు. రెండోది ఎంచుకుంటే సహచరుల్లో కొందరు నాయకుణ్ణి విడిచి వెళ్ళిపోతారు. బల్ల చుట్టూ కూర్చున్న మనుషుల లోటును ఆ కల్పిత సహచరుల చేత పూడ్పించే ప్రయత్నమది. నేను ఒకసారి కుతూహలంకొద్దీ రెండో దారి పట్టాను. వనం ద్వారం తెరిచిన కొద్దిసేపటికే మనసొప్పక వెనక్కి వెళ్ళిపోయాను. అక్కడ నన్ను చూసేవారెవరూ లేరు.

ఇటువంటి ఆటలు మనిషిని క్రూరుణ్ణి చేస్తాయన్న వాదాన్ని నేను అంగీకరించలేను. కల్పిత శరణార్థులపట్ల పాపమంటూ ఉండదు. అక్కడ మిగిలేది, ఉంటే గింటే, ఆడినవాడి మనసులో వాసనగా మిగిలేది మాత్రమే. దాన్ని కొలిచే సాధనం నా దగ్గర లేదు. నన్ను వేధించేది మరొక సంగతి. తెరమీది బొమ్మలపట్ల మనసొప్పక వెనుదిరిగినవాణ్ణి, మిద్దెమీద నా ఎదుట కూర్చున్న మనిషిపట్ల ఎందుకు వెనుదిరగలేదు? ఒంటరిగా ఉన్నప్పుడు నా ఎంపికకు నేను తప్ప మరెవరూ లేరు. మిద్దెమీద నాకు వేషం ఉంది, చీటీ ఉంది, చప్పట్లు కొట్టడానికి ఇద్దరున్నారు.

ద్రౌపది ప్రశ్న

సభాపర్వంలో ప్రాతికామి పిలవడానికి వచ్చినప్పుడు ద్రౌపది అడిగి పంపిన ప్రశ్న ప్రసిద్ధం. ధర్మరాజు ముందు తనను ఓడి ఆ తరువాత ఆమెను ఒడ్డాడా, లేక ఆమెను ముందే ఒడ్డాడా అన్నది ఆ ప్రశ్న సారం. తనను తాను కోల్పోయినవాడికి మరొకరిని ఒడ్డే అధికారం ఎక్కడిది? భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమని తప్పుకున్నాడు.

పాత్రపోషణ ఆటలోని సాకుకు ఈ ప్రశ్న సరిగ్గా అమరుతుంది. ‘పాత్రలో లీనమైపోయాను, అది నేను కాదు’ అనే ఆటగాడు తనను తాను ఓడినట్లు ఒప్పుకుంటున్నాడు. అటువంటప్పుడు ఎదుటి మనిషి తనమీద ఉంచిన నమ్మకాన్ని ఒడ్డే అధికారం అతనికి లేదు. ఆ నమ్మకం పాత్రకు చెందిన సొత్తు కాదు. లీనం కాలేదు, తెలిసే చేశాడంటారా, అప్పుడు కర్త అతడే. ఏ వైపునుంచి వచ్చినా సాకు నిలవదు.

ఇక్కడ న్యాయమైన ఆక్షేపణ ఒకటి ఉంది. కుట్ర, మోసం ఉండే కథ అని తెలిసే చిన్నవాడు ఆటకు కూర్చున్నాడు కదా? చదరంగంలో మంత్రిని చంపినవాడిని ఎవరూ నిందించరు కదా? నిజమే. విషం పెట్టడం తప్పు కాదు. నాగమ్మ మనిషి అలరాజును పాత్రకు తగిన ఉపాయాలతో మోసగించి ఉంటే ఆ రాత్రి అందరం నవ్వుకొని పడుకొనేవాళ్ళం. తప్పు అంతకంటే ఇరుకైన చోట ఉంది. శత్రువు విడిదిలో అలరాజు ముద్ద ముట్టకూడదు. మూడు రాత్రులుగా అంత జాగ్రత్తపడినవాడు ముట్టేవాడూ కాదు. ముట్టాడంటే, పెట్టింది నేను కాబట్టి. పాత్రకు పాత్రకు నడుమ వైరం ఉంది, మనిషికి మనిషికి నడుమ నమ్మకం ఉంది. నేను రెండోదానిలోనుంచి తీసుకొని మొదటిదానిలో ఖర్చుపెట్టాను. లెక్క అడిగినప్పుడు పాత్రను చూపించాను.

విరాటనగరంలో కంకుభట్టుకు ఇంతకంటే పెద్ద సమర్థన ఉంది. అజ్ఞాతవాసం భంగమైతే మళ్ళీ పన్నెండేళ్ళ అరణ్యవాసం. అతని వేషం నలుగురు తమ్ములూ భార్యా బతకడానికి కట్టుకున్నది. అయినా ద్రౌపది వదిలిపెట్టలేదు. ఆమె కోరింది వేషం విప్పమని కాదనుకుంటాను. తానూ సైరంధ్రిగానే మాట్లాడుతున్నది. వేషంలో ఉంటూనే ఆ పని తనదని అతడు ఎరగాలని. ఉత్తరగోగ్రహణం ముగిశాక బృహన్నలను పొగిడినందుకు విరాటుడు కోపించి కంకుభట్టు ముఖంమీద పాచికతో కొడతాడు. నెత్తురు వస్తుంది. ఆ నెత్తురు నేలను పడకుండా పట్టడానికి సైరంధ్రి పాత్ర తెస్తుంది. ఆ నెత్తురు కంకుభట్టుది కాదని ఆమెకు తెలుసు.

నాలుగో రోజు పొద్దున చిన్నవాడు మిద్దెమీద పళ్ళు తోముకుంటున్నాడు. దగ్గరికి వెళ్ళి, ‘రాత్రి తప్పయిందిరా’ అన్నాను. నోరు పుక్కిలించి, ‘ఈ మాట ఎవరంటున్నారన్నా?’ అని అడిగాడు. నవ్వుతున్నాడో లేదో పోల్చుకోలేకపోయాను. ‘నేనే’ అన్నాను. అతడు కిందికి వెళ్ళి తడిగుడ్డ తెచ్చి పలక తుడిచాడు. అది ఆరేదాకా ఎండలో పెట్టి, బలపం నా చేతికిచ్చి, ‘మేడపి ఎక్కడ పెడదాం?’ అన్నాడు.